చర్యారేటు

ఎమ్మిగనూరు జూనియర్ కాలేజీ ల్యాబులో
పద్దెనిమిదేండ్లుగా గాజు గొట్టాలు కడిగేవాణ్ణి.
పేరు దస్తగిరి. చదివింది ఎనిమిది.
అయినా ఉమ్మి గురించి అడగండి, చెప్తా.

ఫిబ్రవరి ఆఖరు. ప్రాక్టికల్స్‌కు నాలుగు దినాలు.
స్టార్చి డబ్బా అడుగంటింది,
సార్ ఇండెంటు రాసీ రాసీ పెన్ను మూసేసినాడు.
సర్వమంగళ స్టీలు క్యారియర్‌లో గంజి తెచ్చింది.
వాళ్ళ నాయన పడుగుకు పట్టించే బియ్యపు గంజి,
ఇంకా వెచ్చగా ఉంది.

అయోడిన్ చుక్క పడిందో లేదో
అద్దకం తొట్టిలోంచి అప్పుడే తీసిన నూలు మాదిరి
నల్లగా నీలమెక్కింది.
చున్నీ అడ్డం పెట్టుకొని, సిగ్గుపడతా
తన ఉమ్మి కలిపింది పిల్ల.
నీలం. నీలమే. ఊదా. ఇటుక రంగు.
నాలుగో నిమిషానికి అయోడిన్
తన పసుపుతో తాను మిగిలింది.
గంజి ఎటుపోయింది?
తీపి అయి, అక్కడే ఉందన్నాడు సార్.

నిమ్మకాయ పిండితే మూతి ముడుచుకొని కూర్చుంది.
చిటికెడు ఉప్పేస్తే పరుగు.
ఉప్పు తిన్నది గదా, ఆ మాత్రం విశ్వాసం ఉంటుంది.
గంజి రెండింతలు పోస్తే పని పెరిగింది,
నాలుగింతలు పోస్తే ఇంకొంచెం,
ఎనిమిదింతలు పోసినాక ఇంక పెరగలేదు.
"చేతులు అన్నే కదరా" అన్నాడు సార్,
గంజి వైపు గాక నా వైపు చూస్తా.
నలభై మంది పిల్లలకు ఒక్క అటెండర్ని నేను.

ఇంకో రెండు గొట్టాలు.
ఒకదాని ఉమ్మిని సోడా అంగడి ఐసులో పెట్టినాం.
ఇంకోదాన్ని ముందు కుతకుత మరిగించి
అదే ఐసు మగ్గులో చల్లార్చినాం.
రెండింట్లో గంజి, రెండింట్లో చుక్క.
రెండూ నీలం.
"ఒకటి నిద్రపోయింది, ఒకటి పోయింది,
రేపు చూద్దాం" అన్నాడు సార్.
బెల్లు కొట్టినారు.

సాయంత్రం క్యారియర్ కోసం నీలకంఠప్ప వచ్చినాడు.
కూతురి రికార్డు తెరిచి, వేలు పెట్టి
ఒక్కో అక్షరమే కూడబలుక్కున్నాడు:
చర్యా రేటుపై ప్రభావం చూపు కారకాలు.
రేటు దగ్గర వేలు నిలబడిపోయింది.
"దుప్పటి రేటా, టవలు రేటా?"
అని, మేము నోరు తెరిచేలోపే చెప్పుకుంటా పోయినాడు.
చిలప నూలు ధర, పోయిన కరెంటు,
రంగు ఆరనీయని ముసురు,
సావుకారి ఇంట్లో ఆ పొద్దు ఏ కూర చేసినారో అదీ.
"అది కాదు నాయనా,
పని ఎంత బిరీన అవుతుందో, ఆ లెక్క."
"ఓ. కూలి కాదన్నమాట."

ఆరు నెలలుగా ఆయన మగ్గం గుంతలో
కోడి పొదుగుతోందని ఊరందరికీ తెలుసు.
నూలు రాలేదు. నాడె చేతికి రాలేదు.
అయినా తెల్లారుజామున గంజి కాస్తాడంట,
అలవాటు.

మగ్గులోకి తొంగి చూసినాడు.
ఐసు నీళ్ళకు చీటీలు ఊడి
పైన తేలుతున్నాయి.
"రెండూ ఒకే నీలం గదా దస్తగిరీ,
ఏది లేస్తుందో, ఏది లేవదో
ఎట్ల తెలిసేది?"

సార్ ఉంటే పుస్తకంలోది చెప్పేవాడు.
నాకు తెలిసింది ఒకటే:
"గుప్పిట్లో పెట్టుకొని చూడాల."

చెరొక చేతిలో చెరొక గొట్టం పట్టుకొని
బెంచీ మీద కూర్చున్నాడు.
గోళ్ళ సందుల్లో పాత రంగు, ఇంకా పోలేదు.
కూతురు గడియారం చూడటం మానేసి
ఆయన పిడికిళ్ళే చూస్తోంది.

ఐదున్నరకు తాళం వేయాల నేను.
తాళం చెవి జేబులోనే పెట్టుకొని
కడిగిన గొట్టాల్నే మళ్ళీ కడిగినాను.